పుచ్చుకున్న మేళ్లు, ఇవ్వని హృదయం

పరదేశంలో మన తెలుగు క్రైస్తవ కూడికల్లో సాక్ష్యాల వేళ వచ్చిందంటే వినిపించే మాటలు దాదాపు ఒకటే. వీసా స్టాంపింగ్ అయింది, ప్రభువుకు స్తోత్రం. ఆఫీసులో చాలామందిని తీసేసినా నా ఉద్యోగం నిలిచింది, స్తోత్రం. ఇల్లు కొనుక్కున్నాం, గ్రీన్ కార్డు వచ్చింది, అమ్మాయికి మంచి కాలేజీలో సీటు వచ్చింది. ఇవన్నీ నిజమైన మేళ్లే. వాటికి కృతజ్ఞత చెప్పకపోతే అది పాపం. కానీ, "పొలం తగాదాలో మా తమ్ముడితో మాటలు మానేశాను, మొన్న నేనే ఫోన్ చేసి క్షమించమన్నాను" అనే సాక్ష్యం విని ఎంతకాలమైంది? వీసా కోసం ఉపవాసం ఉన్నవాళ్లం, అది చేతికొచ్చాక ఉపవాసం ఎందుకు మానేశాం? ఆత్మీయ ఉజ్జీవం గురించి ఎవరు మాట్లాడినా నా మనసు ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది.

ఈ సంచిక చదివేవాళ్లలో చాలామంది తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల పుట్టినవాళ్లు. తెనాలి, రేపల్లెల్లో లూథరన్ గుళ్లు, బాపట్లలో బాప్టిస్టు మిషన్, సాల్వేషన్ ఆర్మీ, ఆ తర్వాత వచ్చిన బైబిలు మిషను, హెబ్రోను సహవాసాలు, పెంతెకొస్తు మందిరాలు. మనలో ఎవరు ఏ గుడిలో బాప్తిస్మం పొందినా, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం మాత్రం చాలా ఇళ్లలో ఉండేది. ఆ గుళ్లు కట్టినవాళ్లు, వాటిని నిలబెట్టినవాళ్లు దేవునికి ఏమిచ్చారో ఒకసారి గుర్తు చేసుకుంటే, మనం దాచుకున్నది ఏమిటో మనకే తెలుస్తుంది.

1842 జూలై 31న గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ కూడా మనలాగే వలసదారుడు. జర్మనీలో పుట్టి చిన్నవయసులోనే అమెరికా వెళ్లి ఫిలడెల్ఫియాలో ఎదిగాడు. అక్కడ కుదురుకున్నాక, భార్య పోయాక, దాదాపు యాభై ఏళ్ల వయసులో మన ప్రాంతానికి వచ్చాడు. ఏళ్ల తరబడి పనిచేసి అమెరికాకు తిరిగి వెళ్లిపోయాడు. 1869లో రాజమండ్రి మిషన్‌ను వేరొకరికి అప్పగించే ఆలోచన జరుగుతోందని తెలిసి, డెబ్బై ఆరేళ్ల వయసులో మళ్లీ ఓడ ఎక్కాడు. మన ఇళ్లలో ఆ వయసు పెద్దాయనను ఒంటరిగా పక్క ఊరికి కూడా పంపం. ఆయన వచ్చిన దారిలోనే మనం ఎదురు దిశలో ప్రయాణం చేశాం. ఆయన ఎందుకు వచ్చాడో అందరికీ తెలుసు. మనం ఎందుకు వెళ్లామో, వెళ్లాక ఎవరి కోసం బతుకుతున్నామో మన పిల్లలకు చెప్పగలమా?

ఇంకో సంగతి. దుగ్గిరాల దగ్గర మొదలయ్యే కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువను కలుస్తుంది. 1876లో ధాత కరువు వచ్చినప్పుడు ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి దొరికేలా చూశాడు. బాప్తిస్మం ఇమ్మని జనం అడుగుతూనే ఉన్నారు. ఆయన ఇవ్వలేదు. తిండి కోసం ఎవరూ దేవుణ్ణి ఒప్పుకోకూడదని, కరువు సాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ముగిశాక, ఇచ్చేందుకు చేతిలో ఏమీ లేనప్పుడు, జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మన తాతముత్తాతల్లో ఎందరో ఆ రోజుల్లో, ఆ చుట్టుపక్కల ఊళ్లలో విశ్వాసులైనవాళ్లే. కూలిడబ్బులు ఆగిపోయాక కూడా దేవుడు కావాలన్నవాళ్ల బిడ్డలం మనం. మేలు అందాక చల్లబడే భక్తి మనకు వారసత్వంగా వచ్చింది కాదు, పరదేశం వచ్చాక అలవాటైంది.

మనకంటే ముందు పరదేశం వెళ్లిన తెలుగు క్రైస్తవులు ఎలా బతికారో కూడా చెప్పుకోవాలి. దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు ఒప్పంద కూలీలుగా వెళ్లినవాళ్లలో తెలుగు బాప్టిస్టులు చాలామంది ఉన్నారు. చెరకు తోటల్లో, తేయాకు తోటల్లో వాళ్లది ఎముకలు విరిగే చాకిరీ. వాళ్ల దగ్గరికి 1903లో నెల్లూరు ప్రాంతం నుంచి జాన్ రంగయ్య గారు కాపరిగా వెళ్లారు. ఆయనను పంపింది తెల్లదొరల మిషన్ కాదు, తెలుగు బాప్టిస్టుల సొంత హోమ్ మిషన్ సంఘం. ఆ ఏడాది చివరికే కియర్స్‌నీ తేయాకు తోటలో తెలుగు బాప్టిస్టు సంఘం వెలిసింది. మన ఊళ్లలో పస్తులుండేవాళ్లు సముద్రం అవతల కూలీల కోసం కానుక వేశారు. అక్కడ కాళ్లు పగిలేదాకా పనిచేసేవాళ్లు ఆదివారం తెలుగులో ఆరాధన చేసుకున్నారు. ఈ రోజు కువైట్‌లో ఇళ్లపని చేసే మన అక్కలు శుక్రవారం సెలవు దొరికితే, వారమంతా మోసిన అలసటతోనే ఆరాధనకు వస్తారు. మనకు ఆదివారం మొత్తం ఖాళీయే. అయినా పిల్లల స్విమ్మింగ్ క్లాసుతో పడదని ఆరాధన వేళ మార్చమంటాం.

భక్త్ సింగ్ గారి సంగతి మీలో చాలామందికి తెలుసు. పంజాబులో పుట్టి, కెనడాలో ఇంజనీరింగ్ చదువుతూ క్రీస్తును నమ్ముకున్నారు. 1933లో బొంబాయిలో ఓడ దిగినప్పుడు తల్లిదండ్రులు కలిశారు. నీ విశ్వాసం నీ మనసులో ఉంచుకో, బయటకు చెప్పకు, ఇంటికి రా అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. ఇంటి గుమ్మం మూసుకుపోయింది. తర్వాత హైదరాబాదులో హెబ్రోను వెలిసింది. అక్కడి పరిశుద్ధ సమావేశాలకు మన డెల్టా నుంచి జనం చాపలు, దుప్పట్లు కట్టుకుని వెళ్లేవాళ్లు. కింద కూర్చుని అందరూ ఒకే బంతిలో తినేవాళ్లు. విదేశంలో విశ్వాసం దొరికినవాడు ఇంటికొచ్చి దాన్ని దాచుకోలేదు. ఇంట్లో విశ్వాసం దొరికినవాళ్లం విదేశంలో ఆఫీసు బల్ల దగ్గర దాన్ని దాచేస్తున్నాం. భోజనానికి ముందు కళ్లు మూసుకోవడానికి కూడా చుట్టూ చూసుకుంటాం.

మా ఇంట్లో అమ్మమ్మ రోజూ పొయ్యి మీద ఎసరు పెట్టాక, అన్నానికి కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసేది. అది గుడికి. ఇంట్లో నిండుగా ఉన్నా, తక్కువ పడినా ఆ పిడికెడు ముందు పోవలసిందే. ఒకసారి మామయ్య, "ఈ రోజు మనకే చాలవు కదమ్మా" అన్నాడు. "అందుకే ముందు తీశానురా, తర్వాతైతే మిగలవు" అంది. ఆమెకు చదువు రాదు. కీర్తనలన్నీ నోటికే వచ్చు. రాత్రి భోజనాలయ్యాక లాంతరు ముందు కుటుంబ ప్రార్థనలో మా అందరి పేర్లూ వరసగా చెప్పేది. మాతో మాట్లాడని పాలివాళ్ల పేర్లు కూడా ఆ వరసలో ఉండేవి. అపొస్తలుల కార్యాల్లో అననీయ, సప్పీరాలు పొలం అమ్మి, కొంత దాచుకుని, అంతా ఇచ్చామని చెప్పుకున్న సంగతి చదివినప్పుడల్లా నాకు ఆ డబ్బా గుర్తొస్తుంది. ఎంత ఇచ్చామన్నది తర్వాతి మాట. ముందు తీసి ఇచ్చామా, మిగిలింది ఇచ్చామా?

పూర్ణ హృదయం అన్నాక కులం గురించి మాట్లాడకుండా దాటేయడం నాకు సాధ్యం కాదు. తెనాలి నుంచి బాపట్ల వెళ్లే రైలు దారిలో చుండూరు వస్తుంది. 1991 ఆగస్టు 6న అక్కడ కులద్వేషంతో ఎనిమిది మంది దళితులను చంపారు. అలా ఊరి బావి దగ్గరికి కూడా రానివ్వని మనుషులకు, నువ్వు కూడా దేవుని బిడ్డవే అని చెప్పింది మనం నమ్మిన సువార్త. ఆ సువార్త మన ఊళ్లకు వచ్చి శతాబ్దం దాటింది. ఇన్నేళ్ల తర్వాత, పరదేశంలో, ఒకే పాట పాడి ఒకే బల్ల దగ్గర సంస్కారం తీసుకుని, కాఫీ తాగేటప్పుడు "మీది ఏ ఊరండీ, ఏ పేట, ఏ గుడి" అని తిప్పి తిప్పి అడిగేది దేనికో అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. పెళ్లి సంబంధాల దగ్గర ఆ ముసుగు కూడా ఉండదు. మూడు రాత్రుల ఉజ్జీవ కూటాల్లో కన్నీళ్లు పెట్టి, ఇంటికొచ్చి ఈ లెక్క చూసుకుంటే ఆ కన్నీళ్లు ఎవరి కోసం?

కృష్ణా డెల్టాలో వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీస్తారు. పై నుంచి నీళ్లు ఎంత వదిలినా, పూడిక తీయకపోతే రేపల్లె వైపు చివరి పొలాలకు చుక్క రాదు. ఉజ్జీవం కూడా అలాంటి పనే. కొత్త ప్రసంగీకుణ్ణి ఇండియా నుంచి పిలిపించడం, పెద్ద హాలు తీసుకోవడం, కీబోర్డు మార్చడం వల్ల అది రాదు. ఇంట్లో టీవీ ఆపి, పిల్లల్ని కూర్చోబెట్టి, ఒక అధ్యాయం చదివి, మాట్లాడని మనిషి పేరు కూడా చెప్పి ప్రార్థన చేయడం దగ్గర మొదలవుతుంది. జీతం పడిన రోజే దశమభాగం తీయడం దగ్గర, ఆఫీసులో అబద్ధపు టైమ్‌షీటు రాయకపోవడం దగ్గర, పెట్టుబడి లాభం మీద పన్ను ఎగ్గొట్టకపోవడం దగ్గర కూడా. ఇవి చిన్నవి అనుకునేవాళ్లు ఉంటారు. నేను అలా అనుకోను. సోమవారం నుంచి శనివారం దాకా కనబడని భక్తిని ఆదివారం పాట నిలబెట్టలేదు.

ఈ డిసెంబరులో సెలవు పెట్టుకుని ఊరెళ్లేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. క్రిస్మస్ ఆరాధనకు కొత్త బట్టలతో వెళ్తాం, గుడి మరమ్మతుకు కవరు ఇస్తాం, అందరితో ఫొటోలు దిగుతాం. అవన్నీ చేయండి. వాటితోపాటు ఒక మామూలు రోజు చూసుకుని, మీకు సండే స్కూలు చెప్పిన టీచరమ్మగారో, గుడి గంట కొట్టిన తాతగారో ఇంకా ఉంటే వాళ్లింటికి వెళ్లండి. ఏదో ఇచ్చి వచ్చేయకండి. కింద కూర్చుని, మీ కోసం ప్రార్థన చేయమని అడగండి. పిల్లల్ని కూడా తీసుకెళ్లండి. వాళ్లకు తెలుగు అంతంత మాత్రంగా వచ్చినా సరే, ఆ ప్రార్థన చివరిదాకా విననివ్వండి.