సంఘమునందలి కలహము

పలనాటివారికి కలహమును గుఱించి యొకరు చెప్పవలసిన పని లేదు. కోడిపందెమున మొదలై కారెంపూడి రణరంగమున ముగిసిన కథ మన యిండ్లలో నెల్లరు నెఱిగినదే. ఐనను ఆ రాజ్యములు కోళ్లవలన చెడలేదు. దాయాదుల మాత్సర్యము లోలోపల నెంతకాలము రగులుచుండెనో, దానికి పందెమొక నెపమైనది. మతసంఘములలోని తగవులును ఇట్టివే. పాటల పుస్తకమును మార్చుటయో, బోధకుని బదిలీయో పైకి గానవచ్చు కారణము; లోపలిది వేఱు. వినుకొండ ప్రాంతపు క్రైస్తవ సంఘముల చరిత్రమును ముందుంచుకొని యీ విషయమును విచారింప దలచితిమి.

ఈ సంఘములు మిక్కిలి త్వరగా పెరిగినవి. 1876-78 నాటి ధాత కఱవులో ఒంగోలునందలి అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొర బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంతభాగమును గుత్తకు దీసికొని వేలకొలది పేదలకు కూలి కల్పించెను. కూలికొఱకు మతము పుచ్చుకొనిరను మాట రాకుండుటకై ఆ పని సాగినంతకాలము బాప్తిస్మములను నిలిపివేసెను. పని ముగిసిన పిమ్మట, 1878 జులై 3వ తేదీని, వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మలో 2,222 మంది ఒక్కదినముననే బాప్తిస్మము పొందిరి. ఇంతటి సంఘము నొక్కచోటినుండి నడపుట యసాధ్యము. కావున 1883లో వినుకొండ, నరసరావుపేట, బాపట్ల వేఱు మిషను కేంద్రములైనవి. పెద్ద కుటుంబము వేఱు కాపురములు పెట్టుకొనుట చీలిక కాదు. సకాలమున జరిగినచో అది కలహమునకు ముందు చేసిన వైద్యము.

కాని యెల్ల తగవులకును సర్దుబాటు మందు కాదు. తొలినాళ్లలో అగ్రకులములవారు కొందఱు, మాదిగలను చేర్చుకొన్నచో తాము రామని క్లౌతో చెప్పిరి. ఆయన వారికొఱకు వీరిని విడువలేదు. ఆ నిర్ణయమువలన పెద్దకులములవారు దూరమైరి. ఐనను అది సరియైన నిర్ణయమే యని మా తలంపు. చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుని సీమలో ఇది వింతగా తోచరాదు. మనుష్యుని సమానత్వమే ప్రశ్నయైనచోట, "శాంతికొఱకు కొంచెము తగ్గుడు" అని తక్కువవానితోనే చెప్పు పెద్దరికమును మేము శాంతి యనము. మాల మాదిగలు వేఱువేఱుగా కూర్చుండు గుడిలో కేకలు వినబడకపోవచ్చును. జ్వరము పైకి గానరానంతమాత్రమున రోగి స్వస్థుడని యే వైద్యుడు చెప్పును?

అపొస్తలుల కార్యముల ఆఱవ అధ్యాయమున చక్కని యుదాహరణ మొకటి కలదు. నిత్యమును జరుగు అన్నదానములో గ్రీకు మాటలాడు విధవరాండ్రకు పాలు సరిగా అందుటలేదని సణుగుడు పుట్టినది. పెద్దలు సణిగినవారిని గద్దింపలేదు. సంఘము నంతటిని పిలిచి, ఏడుగురిని మీరే యెన్నుకొనుడనిరి. ఎన్నికైన యేడుగురి పేర్లును గ్రీకు పేర్లే! నష్టపోయిన పక్షమువారి చేతికే గరిటె నిచ్చిరని యూహింపవచ్చును. వడ్డించువాడు మనవాడైన కడపంక్తి యైనను దిగులు లేదను సామెతను ఎదుటివాని మేలునకు త్రిప్పి చూపినట్లున్నది. నేడు మిషనరీలు విడిచిపోయిన భూములును, పాఠశాలలును, వాని యాదాయమును పెక్కు తెలుగు సంఘములను న్యాయస్థానముల కెక్కించినవి. లెక్కలు సంఘమంతయు చూడవచ్చునట్లు చావడిలో పెట్టినచో, అనుమానపడిన వానినే తనిఖీకి పిలిచినచో, ఈ వ్యాజ్యములలో ఎన్ని మిగులునో! వకీళ్లకు మాత్రము కొంత నష్టము.

మఱియొక విధమగు భేదము కలదు. ఇది న్యాయమునకు సంబంధించినది కాదు, అభిరుచికి సంబంధించినది. గుఱ్ఱము జాషువ 1895లో ఈ వినుకొండలోనే క్రైస్తవ కుటుంబమున పుట్టెను. జూపూడి హనుమచ్ఛాస్త్రిగారియొద్ద సంస్కృత కావ్యములు చదివెను. పురాణకథలపై పద్యములు వ్రాసెను. హిందువులలో పలువురు ఆయన కులమును చూచి వెలిగా నుంచగా, తోడి క్రైస్తవులు ఆయన పద్యమును చూచి యాక్షేపించిరి. సంస్కృతము మేమును చదివితిమి. దానివలన ఒకని విశ్వాసము చెడునని మాకెన్నడును తోచలేదు. భయపడిన సంఘమునకు పరాయి విద్య శత్రువువలె గనబడును. నిన్నగాక మొన్న యేర్పడిన సంఘము తన యునికినిగుఱించి జంకుట సహజమే. ఆ జంకును మేము తప్పుపట్టము. కాని వెలివేయుటకు ముందు ఆ కుఱ్ఱవానిని కూర్చుండబెట్టి, నీవు చదువున దేమి, అందు నీకు దొరకిన దేమి అని యడుగవచ్చును గదా. అది సంఘము చేయదగిన పనియే. ఒక సాయంకాలము చాలును. సంఘముతో అంత యెడబాటు కలిగినను ఆయన క్రీస్తును విడువలేదు. 1963లో వెలువడిన ఆయన "క్రీస్తు చరిత్ర"మునకు మరుసటి యేడు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను.