నాట్యం, ఏడవ శీలం, విద్యార్థుల వేదిక

విశ్వవిద్యాలయాల్లో చదువుతున్న మన ఉపాసకుల పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది. "నృత్య గీత వాద్యాలకు దూరంగా ఉండమంది ధమ్మం. మరి మేమే పూనుకుని డాన్స్ కార్యక్రమం పెట్టవచ్చా?"

ముందుగా నియమం పరిధి చూద్దాం. నృత్య గీతాలను విడవమనేది అష్టశీలాల్లో ఏడవ శీలం. గృహస్థులు దాన్ని ఉపోసథ దినాన స్వీకరిస్తారు. భిక్షువులకు, శ్రామణేరులకు ఆ నియమం నిత్యం వర్తిస్తుంది. మనం రోజూ పఠించే పంచశీలలో అది లేదు. కనుక ఉపోసథం పాటించేవారు ఆ ఒక్కరోజు రిహార్సల్ మానుకుంటే సరిపోతుంది. కానీ అంతటితో ప్రశ్న తీరదు.

సంయుత్త నికాయంలో తాలపుటుడనే నటనాయకుడు కనిపిస్తాడు. రంగస్థలంపై జనాన్ని నవ్వించే నటుడు మరణించాక నవ్వే దేవతల మధ్య పుడతాడని పాత ఆచార్యులు చెప్పారు, మీరేమంటారు అని బుద్ధుణ్ణి అడుగుతాడు. తథాగతుడు రెండుసార్లు ఆ మాట అడగవద్దంటాడు. మూడోసారి చెబుతాడు: జనం రాగ ద్వేష మోహాల నుంచి ఇంకా విముక్తులు కాలేదు, నటుడు వాటినే మరింత ఎక్కిస్తాడు, తాను మత్తులో ఉండి ఇతరులనూ మత్తులోకి దించుతాడు. తాలపుటుడు ఏడుస్తాడు. బుద్ధుడు అన్న మాటకు కాదు, ఇన్నాళ్లూ ఆచార్యులు తనను మోసగించినందుకు.

అదే బుద్ధుడు దీఘ నికాయంలో పంచశిఖుని వీణానాదం, గానం చక్కగా కలిశాయని మెచ్చుకున్నాడు. పంచశిఖుడు పాడింది ప్రేమగీతం! అమరావతి శిల్పులు కూడా బుద్ధుని భిక్షాపాత్రను దేవతలు నాట్యమాడుతూ స్వర్గానికి మోసుకుపోతున్నట్టు చెక్కారు. ఆ వృత్తఫలకం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. కనుక తథాగతుడు తప్పుపట్టింది మత్తును, అజాగ్రత్తను. పాళీలో ఆ అజాగ్రత్త పేరు 'పమాదం'.

విద్యార్థులే నడిపే కార్యక్రమంలో ఈ పమాదం నర్తకుల కాళ్లలో కన్నా కమిటీ గదిలోనే ఎక్కువగా ఉంటుందని నా అభిప్రాయం. ఎవరి అంశానికి ఎన్ని నిమిషాలు, చివరి వారంలో లైట్లతో అభ్యాసం ఎవరికి, అద్దె దుస్తుల డబ్బు ఎవరిస్తారు, ఇవన్నీ అక్కడే తేలతాయి. చాలాచోట్ల శాస్త్రీయ నృత్యం ముందు, సినిమా పాటలు మధ్యలో, 'జానపదం' చివర. డప్పు బృందం గేటు దగ్గర అతిథులకు స్వాగతం పలుకుతుంది. వేదికపై దానికి చోటుండదు. ఇది ఆనవాయితీ అంటారు. ఎవరి ఆనవాయితీ?

'శాస్త్రీయం' అన్న మాటకూ ఒక చరిత్ర ఉంది. దేవదాసీ స్త్రీలు ఆడిన సదిర్ 1930లలో భరతనాట్యమనే పేరుతో గౌరవం పొందింది. 1935లో రుక్మిణీదేవి అడయారులో దాన్ని ప్రదర్శించారు. 1947లో మద్రాసు చట్టం దేవదాసీ సమర్పణను నిషేధించింది. ఆ దురాచారం పోవలసిందే. కానీ ఆ నాట్యాన్ని తరతరాలుగా కాపాడినవారిలో అధికులకు కొత్త వేదికపై చోటు దక్కలేదు. కళ పై కులాల ఇళ్లకు చేరింది. మాదిగలను ఆశ్రయించి బతికిన చిందు కళాకారుల యక్షగానం పల్లె వీధుల్లోనే ఉండిపోయింది. చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చింది 2024లో.

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ గుర్తు చేశారు: తీర్మానం, కోరం, ఓట్ల లెక్కింపు వంటి పార్లమెంటరీ పద్ధతులు భిక్షు సంఘాలకు తెలుసు. ముఖ్యమైన విషయాల్లో ప్రతిపాదన పెట్టి మూడుసార్లు ప్రకటిస్తారు. ఎవరూ మాట్లాడకపోతే సమ్మతించినట్టే. ఇక్కడొక చిక్కుంది. సంఘంలో చేరినవాడు పాత కులపు పేరును వెనక వదిలి వచ్చేవాడు. మన కమిటీలో కూర్చున్న మొదటి సంవత్సరం హాస్టల్ విద్యార్థిని వెంట అన్నీ వస్తాయి: ఊరు, యాస, ఇంటిపేరు. సీనియర్ అక్క "అందరికీ ఓకేనా?" అంటే ఆమె మౌనంగా ఉంటుంది. ఆ మౌనాన్ని సమ్మతిగా లెక్కించడం న్యాయమా?

వినయ పిటకం ఇది ముందే ఊహించినట్టుంది. శలాకలతో ఓటు తీసుకోవడానికి చుళ్ళవగ్గ మూడు మార్గాలు చెబుతుంది: రహస్యంగా, చెవిలో చెప్పించి, బహిరంగంగా. అంశాల క్రమాన్ని అచ్చుకు పంపేముందు కమిటీ ఒక్కసారి చీటీలు పంచి, పేరు రాయకుండా తీసుకోవచ్చు. ఖర్చు ఒక నోటుబుక్కు కాగితం. డప్పు వాయించే యువకులనూ ఆ గదిలోకి పిలిచి, వేదికపై మీకెన్ని నిమిషాలు కావాలని అడగాలి. పారితోషికం మాట కూడా అప్పుడే తేల్చుకోవాలి.