ఇల్లు విడవని ఉపాసకుడు



పలమనేరు తట్టు పల్లెల్లో ఇంటి పెద్ద పోతే బంధువులు మొదట అడిగేది ఒకటే: "పెద్దదినం ఎప్పుడు పెట్టుకున్నారు?" దీక్ష తీసుకున్న ఇల్లయినా ఆ ప్రశ్న తప్పదు. పిండం ఎవరు పెడతారు, కాకి ముట్టిందా లేదా. కొడుకు కాదంటే "నాయనకు కూడు పెట్టని కొడుకు" అనే మాట పడాల. ఆ మాటకు భయపడి వడ్డీకి తెచ్చి పెట్టినవాళ్ళు ఉన్నారు. 1956 అక్టోబరులో నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో శ్రాద్ధం, పిండం చేయనన్నది ఒకటి. సరే, పిండం మానేస్తిమి. ఆ తావులో ఏం పెట్టుకున్నాం? ఫ్లెక్సీ, దండ, నలుగురు నాయకుల ప్రసంగం. పోయిన మనిషి గురించి అందులో ఎంత ఉంటాది?

ఆ మనిషి పుస్తకం రాయలేదు, పదవి చేయలేదు. మార్కెట్టుకు టమాటా బాక్సులు మోసినాడు. ఏనుగులు దిగే కాలంలో రాత్రంతా చేనికాడ కావలి ఉన్నాడు. మంచం పట్టిన తల్లిని రెండు చేతుల మీద ఎత్తి పెరట్లోకి తీసుకుపోయినాడు. "మా నాయన మీటింగులకు రాలేకపోయినాడు, ఏం చెప్పి తలుచుకోవాల?" అని బిడ్డలు తల వంచుకుంటారు. ఆ బిడ్డలు ఘటికారుడి సంగతి వినాల.

మజ్ఝిమ నికాయంలో 81వది ఘటికార సుత్తం. కోసల దేశంలో నడుస్తూ బుద్ధుడు ఒకచోట ఆగి, పూర్వం అక్కడ వేభళింగం అనే ఊరు ఉండేదని ఆనందుడికి చెప్తాడు. ఘటికారుడు ఆ ఊరి కుమ్మరి. మన పలమనేరు మట్టి కుండలు, బొమ్మలు తెలిసినవాళ్ళకు ఆ పని కొత్త కాదు. అయితే ఇతను గడ్డపార పట్టి నేల తవ్వడు. గట్టు విరిగి పడిన మట్టి, ఎలుకలు తోడిన మట్టి తెచ్చుకుంటాడు. చేసిన కుండలు బయట పెట్టి, బియ్యమో పెసలో శనగలో పెట్టి కావలసింది తీసుకుపొమ్మంటాడు. బేరం లేదు. ఇంట్లో తల్లీ తండ్రీ ముసలివాళ్ళు, ఇద్దరికీ చూపు లేదు.

అతని స్నేహితుడు జ్యోతిపాలుడు, బ్రాహ్మణ యువకుడు. కస్సప బుద్ధుణ్ణి చూద్దాం రమ్మంటే, ఆ బోడిగుండు సన్యాసిని చూసి ఏం లాభమని ఎగతాళి చేస్తాడు. ఏటికి స్నానానికి పోయినప్పుడు ఘటికారుడు మళ్ళీ పిలిచి, చివరికి అప్పుడే తలంటుకున్న అతని జుట్టు పట్టుకుంటాడు. తక్కువ పుట్టుకవాడు నా జుట్టు పట్టేంత తెగించినాడంటే ఇది చిన్న విషయం కాదని జ్యోతిపాలుడికి అప్పుడు తోస్తుంది. సుత్తంలో ఉన్న మాటే ఇది. కులం పేరుతో దెబ్బలు తిన్న మనకు ఈ ఘట్టం ఎంత దగ్గరో చెప్పాల్సిన పని లేదు.

ధమ్మం విన్నాక జ్యోతిపాలుడు అడుగుతాడు: ఇంత తెలిసి నువ్వెందుకు ఇల్లు విడవలేదు? చూపులేని అమ్మానాయనలను నేను సాకుతున్న సంగతి నీకు తెలీదా అంటాడు ఘటికారుడు. జ్యోతిపాలుడు భిక్షువయినాడు. కుమ్మరి కుండల దగ్గరికి తిరిగి పోయినాడు. అయినా కస్సప బుద్ధుడు కాశీరాజు ముందర పొగిడింది కుమ్మరినే. ఇంట్లో అతను లేనప్పుడు పోయి, ముసలివాళ్ళు చెప్పినట్టు కుండలో అన్నం తానే పెట్టుకుని తిన్నాడు. తన మీద అంత నమ్మకమా అని ఘటికారుడికి పదిహేను దినాలు సంతోషం తగ్గలేదు. తర్వాత రాజు 500 బండ్ల బియ్యం పంపితే, రాజుకు చేయాల్సిన పనులెక్కువ, నాకున్నది చాలు అని తిప్పి పంపేసినాడు.

ఆ జ్యోతిపాలుణ్ణి తానేనని బుద్ధుడు చెప్పడంతో సుత్తం ముగుస్తుంది. పూర్వజన్మ మాట ఎట్ల తీసుకోవాలన్నది వేరే చర్చ. ఆత్మ ఒక ఒళ్ళు విడిచి ఇంకో ఒంట్లోకి పోతుందన్నది బాబాసాహెబ్ ఒప్పుకోలేదు, మనమూ ఒప్పుకోము. కథలో మనకు కావలసింది, బుద్ధుడు కాబోయేవాణ్ణి దారికి తెచ్చింది ఒక కుమ్మరి అని, అమ్మానాయనలకు అన్నం వండిపెట్టే గృహస్థు అని.

కాబట్టి నాయనను తలుచుకునే దినం మీటింగుల లెక్క వద్దు. ఆ చేతులు ఏం చేసినాయో చెప్పండి. ఏ ఏడు కరువు వచ్చింది, ఏ బిడ్డ ఫీజుకు ఏ ఆవును అమ్మినాడు, తాగుడు ఎప్పుడు మానినాడు. మానకపోతే మానలేదని చెప్పండి. అబద్ధం ఆడననే శీలానికి సంస్మరణ సభలో సెలవు లేదు. లేని గొప్పలు అంటగడితే అది ఇంకో రకం పిండమే.

ఇంకొకటి. ఆయన అంత నిలబడినాడంటే పక్కన ఒకామె నిలబడి ఉంటాది. మన సభల్లో ఆమె మూలన తలమీద కొంగు కప్పుకొని కూర్చోనుంటాది, మైకు ఆమె దాకా పోదు. త్రిశరణ పంచశీలాలు అయినాక మొదట అమ్మనే అడగండి. ఏడుస్తే ఏడవనీండి, నాలుగు మాటలు చెప్పినా చాలు. పెద్దలు ఆ తర్వాత మాట్లాడవచ్చు.

జై భీమ్. నమో బుద్ధాయ.