కర్త లేని వాక్యము

పుప్పాలగూడలో మా మేనల్లుడు కాపురముండు అపార్ట్‌మెంటు బాల్కనీలో నిలిచినచో, ఒకవైపు ఫైనాన్షియల్ డిస్ట్రిక్టు అద్దాల మేడలును, వేరొకవైపు ఇంకను పగులగొట్టక మిగిల్చిన రాతిగుండ్లును కనబడును. మాఘమాసపు ఆదివారమొకటి నేనచ్చట నుండగా, అతడు ల్యాప్‌టాపు చేతబట్టుకొని వచ్చి, "మామయ్యా, క్లయింటుకు మెయిల్ పంపాలి, ఒక్కసారి భాష చూడండి" అని యడిగెను. అతడొక సంస్థలో బిల్లింగు పని చూచువాడు. ఇంగ్లీషు వ్యాకరణమును, వ్యాపారలేఖలను దిద్దు పద్ధతిని ఆరు నెలలుగా సాయంకాలపు తరగతులలో శ్రద్ధతో నేర్చుకొనుచున్నాడు.

పెద్దవయసున వ్యాకరణము పట్టుటలో సిగ్గుపడవలసినదేమియు లేదు. జలక్రీడలో రాణి "నీళ్లతో కొట్టవలదు" అని సంస్కృతమున ననగా, 'మా ఉదకైః' అనునది సంధిచే 'మోదకైః' అగునని తెలియక మోదకములు తెప్పించి నవ్వులపాలైన శాతవాహనరాజు కథ కథాసరిత్సాగరమున నున్నది. అతనికి ఆరు నెలలలో నేర్పెదనని ప్రతిజ్ఞ పట్టిన శర్వవర్మ మూలముననే కాతంత్రవ్యాకరణము పుట్టెనని చెప్పుదురు. పండితుడగుటకు గాక పని గడుపుకొనుటకై వ్యాకరణము నేర్చినవారిలో ఆ రాజే మొదటివాడేమో!

మేనల్లుడు క్రియాకాలములను, విరామచిహ్నములను సరిచేసికొనియే తెచ్చినాడు. నాకు దిద్దుటకేమియు మిగులలేదు. అయినను ఆ లేఖ నా మనస్సును కలచెను. "ఇన్వాయిసులో తప్పు దొర్లినది, కలిగిన అసౌకర్యమునకు చింతించుచున్నాము" అనునది ఆ ఇంగ్లీషు వాక్యములకు తెలుగు. పాత రేట్ల పట్టికను ముందుంచుకొని క్రొత్త ఇన్వాయిసు వేసినది అతని బృందమే. పంపుటకు ముందు ఎవరును సరిచూడలేదు. ఆ సంగతి లేఖలో నెచ్చటను లేదు. ఎదుటి గుట్టమీది గుండు దొర్లవచ్చును. తప్పు తనంత తాను దొర్లునా?

వాక్యమున కర్తను మరుగుపరచుట వ్యాకరణదోషము కాదు. మరి అది యెట్టి దోషము?

సుమారు 4000 సూత్రములలో సంస్కృతభాషనంతటిని బంధించిన పాణిని, కారకములను వివరించునెడ కర్తకిచ్చిన లక్షణము ఒక్కటే: స్వతంత్రుడగుట. కర్మణిప్రయోగమునందైనను కర్త తృతీయావిభక్తిలోనికి దిగునే గాని తన కర్తృత్వమును గోల్పోడు. మన తెలుగు ఈ విషయమున మరింత నిక్కచ్చి భాష. "బడు" చేర్చిన వాక్యములు పుస్తకములలోనే గాని వాడుకలో అంతగా వినబడవు. "చేసితిమి" అన్నచో, "మేము" అను మాట పలుకకున్నను, క్రియ చివరనున్న "మి" కర్తను పట్టి చూపును. అందుచేత తెలుగువాడు తప్పించుకొనదలచినపుడు క్రియనే మార్చుచున్నాడు: పోగొట్టితిమి అనుటకు మారు పోయినదనును, ఆలస్యము చేసితిమి అనుటకు మారు ఆలస్యమైనదనును. ఇట్టి క్రియలు భాషకు అవసరములే. వాన కురిసినది, చెట్టు కూలినది అనుటకవి కావలయును. మనుష్యుడు చేసిన పనిని వానవలెను, చెట్టువలెను చెప్పినపుడే సత్యమునకు లోటు వచ్చుచున్నది.

గోలకొండ ఇచ్చటికి కొలదిమైళ్ల దూరము. కుతుబ్‌షాహీల కాలమున అచ్చట ఫర్మానాలను పారసీ, తెలుగు రెండు భాషలలోను వ్రాయించు వాడుక యుండెను. ఒకే మాటను రెండు భాషలలో నిలిపి చూచినచో, ఒకదానిలో దాగినది రెండవదానిలో బయటపడును. ఇంగ్లీషు లేఖ దిద్దువారెల్లరు ప్రతి వాక్యమును ఒకసారి తెలుగున లోలోపల చెప్పుకొని చూడవలెనని నా గట్టి నమ్మకము.

ఇదంతయు చెప్పగా మేనల్లుడు కొంతసేపూరకుండి, "గీతలో నేనే చేస్తున్నానన్న భావం వదిలెయ్యమన్నారు కదా మామయ్యా? అలాంటప్పుడు కర్తను తీసేస్తే తప్పేముంది?" అనెను. అది వాదమునకన్న మాట గాదు; నిజమైన సందేహము. ప్రకృతిగుణములచే జరుగు కర్మలకు తానే కర్తనని అహంకారవిమూఢుడు తలంచునని మూడవ అధ్యాయమున నున్న మాట నిజమే. అంతవరకే చదివినచో "తప్పు జరిగినది" అనువాడు జ్ఞానియు, "మేము చేసితిమి" అనువాడు అహంకారియు కావలసివచ్చును. కాని పదునెనిమిదవ అధ్యాయమున భగవానుడు ఏ కర్మకైనను కారణములైదని లెక్కించి చెప్పెను: అధిష్ఠానము, కర్త, వివిధకరణములు, వేర్వేరు చేష్టలు, ఐదవది దైవము. శుద్ధాత్మకు కర్తృత్వము లేదని శంకరులు వ్యాఖ్యానించిరి. అయినను ఆ ఐదింటిలోని కర్త దేహాదులను ఉపాధితో గూడిన జీవుడని వారే చెప్పిరి. ఇన్వాయిసు వేసినది ఆ జీవుడే. నేనీ చోటును ఏండ్లతరబడి చదువుచున్నాను. కర్తను కొట్టివేయుట అందు నాకెన్నడును కనబడలేదు. అతనికి ఐదింట నొక స్థానమున్నది. అంతయు తనదే యనుట యెంత అసత్యమో, తనదేమియు లేదనుటయు అంత అసత్యమే.

కర్తృత్వాభిమానమును నిజముగా విడిచినవాడు మొదట మెప్పునెడ విడువవలెను. అదే బృందము క్రిందటి నెలలో పనిని గడువుకు ముందే ముగించినపుడు వ్రాసిన లేఖను తెప్పించి చూచితిని. అందు ప్రతి వాక్యమునకును "మా బృందము" కర్త. మెప్పునకు ముందుకు వచ్చి తప్పునకు తొలగిపోవు కర్తను చూచి వైరాగ్యమని యెట్లందును?

పతంజలి వ్యాకరణాధ్యయనమునకు జెప్పిన ప్రయోజనములలో లాఘవము, అసందేహము అను రెండింటిని నేటి తరగతులవారు చక్కగా నేర్పుచున్నారు. అందుకు వారిని మెచ్చుకొనవలెను. కాని గీత వాఙ్మయతపస్సునకు జెప్పిన లక్షణములు ఉద్వేగము కలిగింపకుండుట, సత్యము, ప్రియము, హితము. ఆఫీసు లేఖలలో మొదటిదానిని, మూడవదానిని జాగ్రత్తగా కాపాడుకొని తక్కిన రెండింటిని జారవిడుచుచున్నారు. "చింతించుచున్నాము" అనునది ప్రియము. ఏ మొత్తము చెల్లింపవలెనో చెప్పుట హితము. అది ఆ లేఖలో లేదు. చదువువాని స్థానమున కూర్చుండి తన మాటను తానే కోసివేసికొనుటకు తపస్సు అను పేరు పెద్దదని నేననుకొనను.

మేనల్లుడు మరల వ్రాయుటకు గంటసేపు పట్టెను. క్రొత్త రేట్ల పట్టిక తమకు ఆలస్యముగా నందెనని చేర్చవచ్చునా యని యడిగెను. నిజమే గనుక చేర్చుమంటిని. అయితే తమ తప్పు చెప్పిన పిదపనే. చివరకు లేఖ ఇట్లు నిలిచెను: "ఈ ఇన్వాయిసును మేము పాత రేట్లతో వేసితిమి. పంపుటకు ముందు సరిచూడలేదు. క్రొత్త పట్టిక మాకు ముందటి రాత్రియే అందినది. సరియైన మొత్తముతో మరియొక ఇన్వాయిసు దీనితో పంపుచున్నాము. పాతదానికి సొమ్ము చెల్లింపవలదు."

రాత్రి 9 గంటలకు అతడే దానిని పంపెను.