సాసీ నంబరు

రెండేళ్ల కిందట శ్రీకాకుళంలో పాత మహీంద్రా ఎం.ఎం. 540 జీపు కొన్నాను. ఫోర్ వీల్ గేరు పడేది కాదు. వరసగా గేరుబాక్సు, కమాన్ పట్టీలు, బాడీ, టాపు మార్పించాను. మెకానిక్ నవ్వాడు: "ఇంక పాతదేటి మిగిలింది బాబూ? సాసీయే కదా!"

మరి నేను కొన్న బండి ఏదీ? బౌద్ధ గ్రంథం మిళిందపన్హలో భిక్షువు నాగసేనుడు మిళింద రాజును అడిగిందీ ఇదే: ఇరుసు రథమా, చక్రం రథమా? ఏదీ కాదు, కూడికకు పెట్టిన పేరే రథం. శాలిహుండం బౌద్ధ స్తూపాల కొండకింద జీపు ఆపినప్పుడల్లా ఆ మాట నిజమేననిపిస్తుంది.

రిజిస్ట్రేషన్‌కు 15 ఏళ్లు నిండాక 5 ఏళ్లకోసారి రెన్యువల్. అందుకు సాసీ నంబరు అచ్చు తీయాలని మొన్న కిరసనాయిలు గుడ్డతో సాసీ తుడిచి, కాగితం ఆనించి పెన్సిల్ రుద్దాను. తుప్పులోంచి అంకెలు ఒక్కొక్కటే తేలాయి. చట్టానికి బండి ఆత్మ అదే!

ఆ సాయంత్రం శ్రీకూర్మం గుడిలో నక్షత్ర తాబేళ్లు ఆకుకూర నములుతున్నాయి. వాటి డిప్ప వెన్నెముకతో అతికిపోయింది, విప్పి మార్చలేం. లోపల కూర్మనాథుడు. పైన మందరగిరి ఎంత గిర్రున తిరిగినా కింద కదలకుండా మోసినవాడు. బండికి సాసీ ఉంది. అరవై దాటిన నాలో మోస్తున్నదేది? ఆత్మా, లేక అమ్మ పెట్టిన పేరేనా? తేలలేదు. దణ్ణం పెట్టి, బండి స్టార్ట్ చేశాను.