ఆ పిడికెడు ఎవరిది?

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. ఆ అల్లుణ్ణి తలుచుకుని అందరం నవ్వుతాం. కోడలు చేసే దానం మీద మాత్రం సామెత ఉన్నట్టు నాకు గుర్తు లేదు. కోడలు దానం చెయ్యదని కాదు. ఆవిడ చేసేది ఎవరి కంటా పడదు. కంటపడని దానిమీద సామెతలెలా పుడతాయి?

నేను చెప్పబోయేది పిడికెడు బియ్యం సంగతి. వంటకి బియ్యం కొలిచి చేటలో పోసుకున్నాక, కడగబోయే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న ముంతలో వెయ్యడం, ఆదివారం నాడు ఆ ముంతని గుడికి పట్టుకెళ్ళి అక్కడున్న గోనెసంచిలో కుమ్మరించి రావడం. గుడి అంటే మా క్రైస్తవుల గుడి. చర్చి అనే మాట మా వైపు కాస్త చదువుకున్న వాళ్ళ నోట వస్తుంది గానీ, మా అమ్మ వాళ్ళకి అది గుడే.

నా కాపురం కంభంలో అయినా నేను పుట్టి పెరిగింది గిద్దలూరు వైపు. బయటివాళ్ళకి రెండూ ఒకటే. ఒకే రైలు మార్గం మీది ఊళ్ళు. క్రైస్తవ సంఘాల లెక్కలో మాత్రం పుట్టిల్లు వేరు, మెట్టినిల్లు వేరు. కంభం, మార్కాపురం అమెరికన్ బాప్టిస్టు మిషనువి. గిద్దలూరు, కలసపాడు, ముత్యాలపాడు, నంద్యాల ఇంగ్లండు నుంచి వచ్చిన ఎస్.పి.జి. మిషనువి, అంటే ఆంగ్లికన్ సంఘాలవి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు నంద్యాల ప్రాంతం వాళ్ళు చాలామంది చేరకుండా ఉండిపోయి, చాలా ఏళ్ళకి గానీ అందులో కలవలేదు. ఎందుకు చేరలేదు, ఎందుకు కలిశారు అని మగవాళ్ళు అరుగుల మీద కూచుని ఎంతసేపైనా వాదించుకోగలరు. ఆడవాళ్ళకి తెలిసిన తేడా ఒక్కటే. మా ఆంగ్లికన్ గుడికి ఒక పంచాంగం ఉంది.

క్రిస్మసుకి నాలుగు ఆదివారాల ముందే ఆ పంచాంగం మొదలవుతుంది. ఆ తరవాత భస్మ బుధవారం, నలభై రోజుల శ్రమకాలం, మట్టల ఆదివారం నాడు మట్టలు పట్టుకుని పిల్లల పాటలు, ఈస్టరు నాడు తెల్లవారకుండానే సమాధుల దగ్గర కొవ్వొత్తులు. కాలాన్ని బట్టి గుళ్ళో బల్లమీద పరిచే గుడ్డ రంగు కూడా మారుతుంది. ఊదా, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ. ఆ గుడ్డలు ఉతికి ఇస్త్రీ చేసేదెవరో మీకు చెప్పనక్కర్లేదు.

ఈ పంచాంగంలో మా ఊరివాళ్ళు బాగా ఇష్టపడేది కోతపండుగ. నిజానికి ఇదేమంత పాతది కాదు. 1843లో ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో, మోర్వెన్‌స్టో అనే సముద్రపొడ్డు ఊళ్ళో, రాబర్ట్ హాకర్ అనే పాదిరీ పంటలు ఇంటికొచ్చినందుకు గుళ్ళో ఒక ఆరాధన జరిపాడు. అది ఆ దేశమంతా పాకి, మిషనరీల వెంట ఇక్కడికీ వచ్చింది. అక్కడి వాళ్ళ పంట గోధుమ. మాకు గుండ్లకమ్మ పొంగి కంభం చెరువు నిండితే చెరువు కింద వరి, మెట్టన జొన్న, సజ్జ, కంది, ఆముదం. చెరువు నిండని ఏళ్ళు మా వాళ్ళకి కొత్తేమీ కాదు. నిండినా నిండకపోయినా కోతపండుగ వస్తుంది. గుమ్మడికాయ, కోడిపుంజు, చేటెడు కందులు, కోళ్ళ గంపకింద దొరికిన నాలుగు గుడ్లు, ఏది ఉంటే అది తెచ్చి బల్ల ముందు పెడతారు. ఆరాధన అయ్యాక చెట్టుకింద వేలం పాట.

ఆ వేలం పాట చూసి తీరాలి. పది రూపాయల గుమ్మడికాయ బావా మరుదుల పంతంలో అయిదొందలకి పోతుంది. కొన్నవాడు దాన్ని మళ్ళీ గుడికే ఇచ్చేస్తాడు, మళ్ళీ పాట. ఎవరెంతకి పాడారో వారం రోజుల పాటు వీధి కుళాయి దగ్గర చెప్పుకుంటారు. పెళ్ళిళ్ళలో చదివింపులు మైకులో చదవడం మనకి కొత్తా? ట్యూబులైటు నిండా దాత పేరు రాయించి వెలుతురు రాకుండా చేసే భక్తి అన్ని మతాల్లోనూ ఉంది. నేను దాన్ని తప్పుపట్టను, సరదాగానే ఉంటుంది. కానీ పాడేది మగవాడు, పేరు మగవాడిది. ఆ గుమ్మడి పాదుకి నీళ్ళు పోసిన మనిషి చెట్టు అవతల నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ ఉంటుంది.

పిడికెడు బియ్యానికి పాటా లేదు, పేరూ లేదు. దొడ్డు బియ్యం, సన్న బియ్యం, నూకలు అన్నీ ఒకే సంచిలో కలిసిపోతాయి. ఎవరిది ఎంతో తేల్చడం ఎవరి తరమూ కాదు.

ఈ అలవాటుని మన దేశపు ఆంగ్లికన్ సంఘంలో గట్టిగా పట్టుకుని నడిపిన వాళ్ళలో దోర్నకల్లు బిషప్పు అజరయ్యగారు ఒకరు. ఆయన తిరునల్వేలి మనిషి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పు అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు. నంద్యాల, గిద్దలూరు వైపు సంఘాలు కూడా తరవాత ఆయన కిందికే వచ్చాయి. ఎంత బీదవాళ్ళైనా ఇవ్వాలని, దొరల డబ్బుమీద బతికే సంఘానికి వెన్నెముక ఉండదని ఆయన పట్టుదల. పుచ్చుకోవడమే తెలిసిన మనిషి చేతికి ఇవ్వడం నేర్పితే ఆ మనిషి నిటారుగా నిలబడుతుందని నమ్మారు. నాకూ ఆ మాట నచ్చుతుంది. మిజోరంలో 1910లో ఇలాగే మొదలుపెట్టారు, అక్కడి సంఘాలకి ఆ పిడికిళ్ళ మీదే ఇవాళ కోట్ల రూపాయలు వస్తున్నాయి. వినోబాగారి సర్వోదయ పాత్ర కూడా ఇంచుమించు ఇదే, కాకపోతే ఆయన చిన్నపిల్లల చేత్తో వెయ్యమన్నారు. మన భాషలో ముష్టి అన్నా పిడికిలే కదా. బిచ్చానికి ఆ పేరు వచ్చింది కొలత వల్లనే.

ఇంతవరకూ బాగానే ఉంది. నా సందేహం ఆ తరవాతది. ఆ పిడికెడు ఎవరిది?

మా పుట్టింటి వైపు పల్లెలో ఒక ముచ్చట చెప్పుకునేవారు. వానలు లేని ఏడు. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం రాకముందు సంగతి, బియ్యం అన్నది పండక్కో జ్వరానికో తప్ప కనపడని ఇళ్ళు. రోజూ జొన్న సంగటే, గుడికి వేసేదీ జొన్నలే. ఒకాయన పెళ్ళాన్ని నిలదీశాడట. "ఏమ్మే, నన్నడక్కుండా నా గింజలు గుడికి పోస్తన్నావంట?" అని. ఆవిడ పొయ్యి దగ్గర్నించి లేవకుండానే, "నీ పళ్ళెంలో ఏమన్నా తగ్గిందా?" అంది. లేదన్నాడు. "పిల్లోళ్ళ పళ్ళెంలో తగ్గిందా?" లేదన్నాడు. మరింకేం అని ఆవిడ ఊరుకుంది. ఆయనా ఊరుకున్నాడు. మా పెద్దవాళ్ళు దీన్ని ఆవిడ తెలివికి మెచ్చుకుంటూ నవ్వుతూ చెప్పేవారు. అడగవలసిన మూడో పళ్ళెం సంగతి ఆయనకి తోచలేదు, కథ చెప్పేవాళ్ళకీ తోచలేదు.

అందరూ తిన్నాక ఆఖరున తినే మనిషి తీసిన పిడికెడు, ఇంకెక్కడ తగ్గుతుంది చెప్పండి?

మా పక్కింటి టీచరుగారు మా మతం ఆవిడ కాదు. ఈ కథ చెబితే ఆవిడ నవ్వలేదు. "ఆడదాని ఆకలిని సంచికెత్తుకుని దేవుడేం చేసుకుంటాడండీ?" అంది. నేను చప్పున జవాబు చెప్పలేకపోయాను. శ్రమకాలంలో మగవాళ్ళు నలభై రోజులు మాంసం మానేస్తే ఇల్లంతా గొప్పగా చెప్పుకుంటుంది. బీడీ మానినవాడి పేరు అయ్యగారు ప్రసంగంలో కూడా ఎత్తుతారు. ఏడాది పొడుగునా పూటకో పిడికెడు మానుకున్న మనిషి ఉపవాసం ఏ పంచాంగంలోనూ ఎక్కదు. ఆవిడ మాటలో నిజం ఉంది.

మా అత్తగారి వాదన వేరు. ఆ ఇంట్లో పొలం మామగారిది, ఎద్దులు మామగారివి, పంట అమ్మిన డబ్బు మామగారి నడుం సంచిలోది. "చేటలో బియ్యం పడ్డాక మాత్రం అవి నావే, పొయ్యి మీద నించి దించేదాకా నావే" అనేది ఆవిడ. ఆ కాస్సేపట్లోనే ఆవిడ దాత అయ్యేది. అడిగి తియ్యవచ్చు కదా అని మీరనవచ్చు. అడిగితే, ఇచ్చింది ఆయన అవుతుంది. ఆవిడ కేవలం మోసుకెళ్ళిన మనిషి అవుతుంది. ఆవిడ అడక్కపోవడం దొంగతనమని నేను ఎప్పటికీ ఒప్పుకోను.

కానీ తన కడుపు తగ్గించుకుంటేనే ఆ పిడికెడు తనదవుతుందంటే, ఆడదానికి ఇంట్లో సొంత ఆస్తి ఆకలి ఒక్కటే అని కదా అర్థం! అది నాకు మింగుడుపడదు. నాకు తోచినదేమంటే, తీసిన సంగతి ఇంటిల్లిపాదికీ తెలియాలి. తెలిసి, అందరి పళ్ళేల్లోనూ నాలుగేసి మెతుకులు తగ్గాలి. అప్పుడది ఇంటి దానం, ఆవిడ చేతి దానం కూడా. గుట్టుగా ఇచ్చేదే దానమని చిన్నప్పటినించీ వింటూ వచ్చాం. పేరున్న వాళ్ళకి గుట్టు బాగానే ఉంటుంది. అసలు పేరే పలకని మనిషికి ఇంకా గుట్టేమిటి?

ఈ మధ్య ఈ చర్చకి ఇంకో మెలిక పడింది. మా ఎరికలో ఒక గుళ్ళో బియ్యం సంచి తీసేద్దామని కమిటీవాళ్ళు అనుకున్నారు. పురుగు పడుతోంది, ఎలుకలు కొడుతున్నాయి, అమ్మితే పెద్దగా రాదు. కవర్లున్నాయి, కవరు మీద ఇంటి నంబరు ఉంటుంది. తలుపు పక్కన ఫోనుతో పంపే గళ్ళ బొమ్మ కూడా అంటించారు. లెక్కకి సుఖం. ఉద్యోగాలు చేసే అమ్మాయిలు సరేనన్నారు, వాళ్ళ ఫోన్లు వాళ్ళవి. అరవై దాటిన ఒకావిడ మాత్రం లేచి, "కవర్లో పెట్టాలంటే మా ఆయన్ని అడగాల. మరి నేనేం తేవాల?" అంది. ఎవరూ జవాబు చెప్పలేదు. సంచి ఉంచేశారు.

ఉంచాక, పద్ధతిగా రసీదు కూడా ఇద్దామని కోశాధికారి పుస్తకం తెరిచి, ఎవరి పేరు రాయమంటారని ఆడవాళ్ళని అడిగాడు. ఒకావిడ మా ఆయన పేరు రాయి, లేకపోతే ఇంట్లో గొడవ అంది. ఇంకొకావిడ నా పేరే రాయి, చూద్దాం ఏమంటాడో అంది. మూడో ఆవిడ అన్నీ కలిపి పోసినాక ఎవరి పేరు రాస్తావయ్యా, తూకం రాసుకో అంది. ముగ్గురూ అక్కడే తగువులాడుకోవడం మొదలుపెట్టారు. అతను కాసేపు విని, తారీకు వేసి, బియ్యం అని రాసి, పేరున్న చోట ఖాళీ వదిలేసి పుస్తకం మూశాడు.