వెనుక వచ్చువానికి కనబడు దీపము

పఠింపవలసిన భాగము: కీర్తన 139:23, 24

మన దేశములో 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము స్వంత కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరములు చెల్లును. పిమ్మట వాహనమును మరల తనిఖీ చేసి, రహదారికి యోగ్యమని తేలినయెడల 5 సంవత్సరములు పొడిగించుదురు. నా పాత కారును ఈ తనిఖీకి ధైర్యముగానే తీసికొనిపోతిని. ఇంజను చక్కగా నడుచుచుండెను. అయినను అధికారి యోగ్యతాపత్రము ఇయ్యలేదు. బ్రేకు దీపములలో ఒకటి వెలుగుట లేదు. హారను సరిగా మ్రోగుట లేదు. వెనుక నంబరు పలక మీది అంకెలు చెరిగిపోయినవి.

"ఇంత స్వల్ప విషయములకా?" అని నొచ్చుకొంటిని. మెకానిక్కు గంటలో పని ముగించి, నవ్వుచు ఇట్లనెను: "అయ్యా, బ్రేకు దీపము తోలువానికి కనబడదు, వెనుక వచ్చువానికే కనబడును." ఆ మాట నన్ను విడువలేదు. ఆ మూడు లోపములలో ఏదియు నా ప్రయాణమును ఆపలేదు. అవన్నియు ఇతరుల క్షేమమునకు సంబంధించినవే.

ప్రియ చదువరీ, మన ఆత్మీయ జీవితమును ఇట్టిదే. ప్రార్థన, వాక్యపఠనము క్రమముగా సాగుచున్నవని తృప్తిపడుదుము. అయితే ఇంటిలో పలికిన కఠినమైన మాట, తీర్చని చిన్న బాకీ మనము కూర్చున్న చోటినుండి కనబడవు. వాటివలన గాయపడువారు మన వెనుకనున్నవారు. అందుచేతనే కీర్తనకారుడు తన్ను తాను పరీక్షించుకొనుటతో సరిపెట్టుకొనక, దేవునినే పరిశోధింపుమని వేడుకొనెను. ఆ వచనపు ప్రాచీన గ్రీకు అనువాదములోని 'దొకిమాజో' అను క్రియ లోహమును పరీక్షించుటకును వాడు మాట. పారవేయుటకు కాదు, మేలిమిని నిర్ధారించుటకే కంసాలి లోహమును అగ్నిలో పెట్టును. నా కారును త్రిప్పిపంపిన అధికారియు దానిని రహదారికి దూరము చేయగోరలేదు. క్షేమముగా నడువవలెననియే కోరెను.

చాల నెలలుగా జవాబియ్యక విడిచిన నా తమ్ముని ఉత్తరమును ఆ సాయంకాలము వెదకి తీసితిని. క్షమాపణ వ్రాయుటకు ఒక్క పుట చాలెను. ఇంత చిన్న పనిని ఇన్నాళ్లు వాయిదా వేసినది నా అహంకారమే. మరునాడు కారు తనిఖీలో నెగ్గెను. తమ్ముని జవాబు కొరకు ఇంకను కనిపెట్టుచున్నాను.

యోగ్యతాపత్రము చేతనున్నను రేపు మరియొక బల్బు కాలిపోవచ్చును. గనుక ఒకనాటి ఒప్పుకోలు చాలదు. దినదినము ఆయన యెదుట నిలువవలెను.

ప్రార్థన: ప్రభువా, నాకు కనబడని నా లోపములను చూపుము. చిన్నవని త్రోసివేయక, నేడే సరిచేసికొను దీనమనస్సు దయచేయుము. ఆమేన్.